చెడుగుడులో దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

"ఆటలో దెబ్బలు సహజం." ఈ మాట మన ప్రాంతంలో విననివారుండరు. కబడ్డీ పోటీలో కుర్రవాడు పడిపోతే నిర్వాహకుడు మైకులో ఆ మాటే అంటాడు. ఆసుపత్రికి మోసుకువచ్చిన స్నేహితులు ఆ మాటే అంటారు. చివరకు కన్నతండ్రి సైతం, కొడుకు భుజానికి కట్టు కడుతూ ఉండగా, పొరుగూరి వారితో తగవెందుకని ఆ మాటే అంటాడు. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన నాకు ఆ మాటలో సగమే నిజమని తోస్తుంది. మిగిలిన సగం మన పిల్లల ప్రాణాలకే చేటు తెస్తున్నది గనుక దానిని గురించి మీతో కొంత మాట్లాడదలచాను.

మా నాయుడుపేట 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరింది గాని, మా మాటా మా ఆటా ఇప్పటికీ నెల్లూరివే. సంక్రాంతి వచ్చినా, తిరునాళ్ళు వచ్చినా చుట్టుపక్కల ఏదో ఒక ఊరిలో రాత్రిపూట దీపాల వెలుతురులో కబడ్డీ జరుగుతూనే ఉంటుంది. మా చిన్నతనంలో చెడుగుడు అనేవాళ్ళం. బహుమతిగా ఒక స్టీలు బిందె ఇస్తే గొప్ప. ఇప్పుడు నగదు బహుమతులు, బయటి ఊళ్ళ నుండి పిలిపించుకున్న ఆటగాళ్ళు, సెల్‌ఫోన్లలో ప్రత్యక్ష ప్రసారాలు వచ్చాయి. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలై, అందులో మన తెలుగు టైటాన్స్ కూడా ఒక జట్టుగా నిలిచిన తరువాత ఈ ఆటకు వచ్చిన గౌరవాన్ని చూసి సంతోషించినవారిలో నేనూ ఒకడిని. పల్లె ఆట అని చిన్నచూపు చూసినవారే సాయంత్రం భోజనం పళ్ళెం పట్టుకుని టీవీ ముందు కూర్చుంటున్నారు.

అయితే టీవీ మన పిల్లలకు ఆటతోపాటు మరొకటి కూడా నేర్పింది. ఒంటరిగా వచ్చిన రైడర్‌ను భుజంతో గుద్ది గీత అవతలకు ఎగరగొట్టిన దృశ్యాన్ని నాలుగు వైపుల నుండి, నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ చూపిస్తారు. అది చూసిన కుర్రవాడు మరునాడు గట్టినేల మీద అదే ప్రయత్నం చేస్తాడు. టీవీలో కనిపించే మెత్తని మ్యాట్ ఇక్కడ లేదు. గీత పక్కన కూర్చున్న వైద్యుడు లేడు. అనుమానం వస్తే వీడియో చూసి తీర్పు చెప్పే అంపైరు లేడు. పవన్ సెహ్రావత్ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2022లో తమిళ్ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే అతని మోకాలు దెబ్బతిన్నది. ఆ సీజన్ అంతా ఆడలేకపోయాడు. మరుసటి సీజన్‌కు తెలుగు టైటాన్స్ వారు 2.6 కోట్ల రూపాయలు పెట్టి అతనిని తీసుకున్నారు. చాలా సంతోషం. అదే మోకాలి స్నాయువు మన పక్క ఊరి కూలీ కొడుకుకు తెగితే శస్త్రచికిత్స సంగతి దేవుడెరుగు, ముందు స్కానింగు కోసం ఏ నగ తాకట్టు పెట్టాలా అని తల్లి ఆలోచిస్తుంది.

మోకాళ్ళు పోవడం ఒక ఎత్తు. ప్రాణాలే పోయిన సందర్భాలున్నాయి. 2021 జనవరిలో కడప జిల్లా వల్లూరు మండలంలో జరిగిన పోటీలో కూతకు వెళ్ళిన ఒక యువకుణ్ణి ప్రత్యర్థులు పట్టి అదిమారు. లేచి నాలుగడుగులు వేసి కూలిపోయాడు. 2022 జులైలో మనకు సరిహద్దు దాటితే వచ్చే తమిళనాడులో, కడలూరు జిల్లా పణ్రుటి దగ్గర, ఇరవై రెండేళ్ళయినా దాటని మరొక యువకుడు బరిలోనే ప్రాణం వదిలాడు. ఆ రెండు దృశ్యాలూ లక్షలాది ఫోన్లలో తిరిగాయి. వాటిలో ఎవరో కావాలని చంపారని నేను అనడం లేదు. ఆ కుటుంబాల పేర్లు ఇక్కడ వ్రాయవలసిన అవసరం కూడా లేదు. నేను గమనించినది ఒక్కటే. ఆ వీడియోలను పంచుకున్నవారిలో అధికులు "విధి" అన్నారు. ఆ పట్టు ఎటువంటిది, శరీరంలో ఎక్కడ బరువు పడింది, ఎంతసేపటికి వైద్యం అందింది అని అడిగినవారు చాలా తక్కువ.

అవి అడగవలసిన ప్రశ్నలే. ఎందుకంటే శరీరానికి అన్ని దెబ్బలూ ఒకటి కావు. చీలమండ పట్టుకుని లాగితే రైడర్ బోర్లా పడతాడు. మోచేతులు గీరుకుంటాయి, ముక్కు పగలవచ్చు. ఆడేవాడు ఇంటి దగ్గరే ఒప్పుకుని వచ్చిన దెబ్బలివి. వీటి వరకు ఆటలో సహజమే. గాలిలోకి లేచినవాడి తొడలు పట్టి తలక్రిందులుగా పడవేయడం, మెడ చుట్టూ చేయి బిగించడం, అప్పటికే దొరికిపోయి నేల మీద ఉన్నవాడి ఛాతీ మీదకు మోకాళ్ళతో దూకడం మాత్రం వేరు జాతికి చెందినవి. అలాగే రైడర్ చేసే పని కూడా ఒకటుంది. పాయింటు కోసం కాలు విసరడం వేరు. వంగి ఉన్నవాడి ముఖానికి గురిచూసి మడమతో తన్నడం వేరు.

తలక్రిందులుగా పడినప్పుడు మెడలోని వెన్నుపూస ఒకటి జారితే చాలు, మనిషి మెడ క్రింద నుండి కట్టె అవుతాడు. అక్కడ కూడా రెండో ప్రమాదం పొంచి ఉంటుంది. స్నేహితులు ప్రేమతో చంకలలో చేతులు వేసి లేపి కూర్చోబెడతారు. అప్పటివరకు నలిగి ఉన్న వెన్నుపాము ఆ కుదుపుకు పూర్తిగా దెబ్బతినవచ్చు. మెడ నొప్పి, చేతులలో తిమ్మిరి అన్నవాణ్ణి ఉన్నచోటనే, ఉన్నట్లుగానే పడుకోనివ్వాలి. తల కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకోవాలి. ఎత్తవలసివస్తే నలుగురు కలిసి, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేట్లు బల్ల మీదకు చేర్చాలి.

తల దెబ్బలో మోసం మరింత ఎక్కువ. చెవికి ముందు, కణత దగ్గర పుర్రె ఎముక పలుచన. దాని లోపలి వైపు ఒక రక్తనాళం ఆనుకుని పోతూ ఉంటుంది. అక్కడ ఎముక చిట్లితే ఆ నాళం తెగి, పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతుంది. కుర్రవాడు ఒక నిమిషం స్పృహ తప్పి, లేచి కూర్చుని, సోడా త్రాగి, "నాకేం కాలేదన్నా" అంటాడు. జనం చప్పట్లు కొడతారు. నిజంగానే ఒక గంటో, మూడు గంటలో బాగుంటాడు. ఈలోగా లోపల రక్తం పేరుకుంటూ ఉంటుంది. తలనొప్పి పెరుగుతుంది, వాంతి అవుతుంది, మగత కమ్ముతుంది. అలసిపోయాడు, నిద్రపోనివ్వండి అంటారు ఇంట్లో. మాకు నెల్లూరయినా తిరుపతయినా గంటకు పైగా ప్రయాణం. తెల్లవారి గుర్తిస్తే ఆ గంట కూడా మిగలదు. సకాలంలో శస్త్రచికిత్స జరిగితే పూర్తిగా కోలుకునే అవకాశమున్న గాయమిది గనుకనే ఇంత విస్తారంగా చెబుతున్నాను.

ఛాతీ దెబ్బ విషయం వింటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. గుండె ఉన్నచోట, గుండె కొట్టుకునే క్రమంలో ఒకానొక సూక్ష్మ క్షణంలో, సెకనులో నూరవ వంతుల లెక్కలో వచ్చే ఆ క్షణంలో, బలమైన తాకిడి పడితే పక్కటెముక ఒక్కటీ విరగకుండానే గుండె లయ తప్పి వణకడం మొదలవుతుంది. రక్తం ముందుకు పోదు. దీనిని కమోషియో కార్డిస్ అంటాము. ఆరోగ్యవంతులైన పిల్లలలోనే ఇది ఎక్కువ. వారి ఛాతీ గూడు మెత్తనిది గనుక దెబ్బ నేరుగా లోపలికి పోతుంది. 2023 జనవరి 2న అమెరికాలో డామర్ హామ్లిన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు కోట్లమంది చూస్తుండగా ఇలాగే కూలిపోయాడు. అతను బ్రతికాడు. నిమిషం తిరగకముందే మైదానంలోనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టినవారు అక్కడ ఉన్నారు, గుండెకు విద్యుత్తు ఇచ్చే యంత్రం అక్కడ ఉంది.

ఇక ఆట నియమాల సంగతి. చాలామంది అనుకున్నట్లు కబడ్డీ నియమాలు లేని మోటు ఆట కాదు. రైడర్ నోరు మూయడం, గొంతు నొక్కడం, కాళ్ళను కత్తెరలా వేసి బిగించడం, జుట్టూ బట్టలూ పట్టి లాగడం, గాయపడేంత దౌర్జన్యంగా పట్టడం, ఇవన్నీ తప్పులేనని నియమావళిలోనే ఉంది. ఆకుపచ్చ కార్డు చూపితే హెచ్చరిక. పసుపు కార్డు చూపితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. ఎరుపు కార్డు చూపితే ఆ మ్యాచ్ అతనికి ముగిసినట్లే. మరి మన ఊరి పోటీలలో ఎరుపు కార్డు మీరు ఎన్నిసార్లు చూశారు? నేను ఎన్నో ఏళ్ళుగా ఈ పోటీలకు ప్రథమ చికిత్స పెట్టెతో వెళుతున్నాను. రిఫరీ జేబులో మూడు కార్డులూ ఉంటాయి. ఆకుపచ్చది మాత్రం నలిగి ఉంటుంది, ఎర్రది కొన్నప్పటిలాగే నిగనిగలాడుతూ ఉంటుంది. పాపం, రిఫరీని మాత్రం ఏమనగలం? అతను మన ఊరి వ్యాయామోపాధ్యాయుడే. ఎర్ర కార్డు తీస్తే రాత్రి క్షేమంగా ఇంటికి చేరాలి గదా.

మరొక విషయం మా వృత్తికి సంబంధించినది. దెబ్బ తగిలినవాడు ప్రభుత్వ ఆసుపత్రికి వస్తే గాయం ఎలా తగిలిందో వ్రాసుకోవాలి. "కబడ్డీ ఆడుతూ క్రిందపడి" అని నేను ఎన్ని రికార్డులలో వ్రాశానో లెక్కలేదు. తెచ్చినవారు చెప్పేది అదే. గాయం మాత్రం ఒక్కొక్కసారి వేరే కథ చెబుతుంది. గడ్డం నేలకు కొట్టుకుంటే సాధారణంగా చెవి ముందున్న దవడ కీలు దగ్గర విరుగుతుంది. చెవి క్రింద, దవడ మూల విరిగిందంటే పక్క నుండి దెబ్బ పడిందని అనుమానించాలి. అటువంటి దవడతో వచ్చిన ఒక పదిహేడేళ్ళ అబ్బాయిని, స్నేహితులను బయటకు పంపి అడిగాను. మాటలు రాక చేతి సైగలతోనే చెప్పాడు. విజిల్ అయిపోయాక తన్నారు. కారణం, అంతకుముందు సంవత్సరం తన అన్న అవతలి జట్టులో ఒకడి భుజం తొలగించాడు. అప్పుడూ శిక్ష లేదు, ఇప్పుడూ లేదు. అతని మాటను రికార్డులో ఉన్నదున్నట్లు వ్రాశాను. ఫిర్యాదు చేయడానికి మాత్రం కుటుంబం ఒప్పుకోలేదు.

మంచు దేశాల కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. కెనడా, అమెరికాలలో ఐస్ హాకీ అని ఒక ఆట ఉంది. పదునైన బూట్లతో మంచు మీద వేగంగా జారుతూ ఆడతారు. ప్రత్యర్థిని శరీరంతో గుద్దడం అందులో నియమబద్ధమే. 2004 ఫిబ్రవరిలో స్టీవ్ మూర్ అనే ఆటగాడు వాంకూవర్ జట్టు నాయకుణ్ణి బలంగా గుద్దాడు. రిఫరీలు శిక్ష వేయలేదు. వాంకూవర్ జట్టు మనసులో పెట్టుకుంది. మార్చి 8న అవే జట్లు మళ్ళీ తలపడినప్పుడు టాడ్ బెర్టుజి అనే ఆటగాడు మూర్‌ను వెనుక నుండి కొట్టి, మంచు మీదకు పడవేశాడు. మూర్ మెడలో మూడు పూసలు చిట్లాయి. ఆ లీగ్‌లో అతను మళ్ళీ ఆడలేదు. బెర్టుజిని లీగ్ నెలల తరబడి బయట ఉంచింది. న్యాయస్థానంలో అతను నేరం ఒప్పుకున్నాడు. ఏడాది పాటు పర్యవేక్షణ, 80 గంటల సమాజసేవ శిక్షగా పడ్డాయి. నష్టపరిహారం దావా 2014 దాకా సాగి రాజీతో ముగిసింది. మంచు మీద ఆడినా ఇసుక మీద ఆడినా మనిషి మనసు ఒకటే. మొదటి దెబ్బకు రిఫరీ లెక్క తేల్చకపోతే రెండో దెబ్బతో జట్టు లెక్క తేల్చుకుంటుంది.

తలకు గురిపెట్టి గుద్దడాన్ని ప్రత్యేకంగా నిషేధిస్తూ ఆ లీగ్ నియమం చేసింది 2010లో. అప్పుడూ "ఆటలోని మగతనం పోతుంది" అన్నవారున్నారు. ఆట పోలేదు, స్టేడియంలు ఖాళీ కాలేదు. మన దగ్గర కూడా కబడ్డీని ఆడపిల్లల ఆట చేస్తారా అని నన్ను అడిగినవారున్నారు. మన ఆడపిల్లలు ఆడే కబడ్డీని వారు ఎన్నడూ చూడలేదని అర్థమై ఊరుకున్నాను.

మన చట్టం ఏమంటుందో కూడా తెలుసుకుంటే మంచిది. 1860 నాటి శిక్షాస్మృతిలో 87వ సెక్షను ఉండేది. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 25వ సెక్షను. వినోదం కోసం ఇద్దరు కత్తిసాముకు దిగితే, సక్రమంగా ఆడుతూ తగిలిన గాయానికి నేరం లేదని ఆ చట్టమే ఉదాహరణ చెబుతుంది. అయితే దానికి హద్దులున్నాయి. ఆటలో మోసపు దెబ్బ ఉండకూడదు. చేసిన పని ప్రాణం తీసేదిగానో, తీవ్ర గాయం చేసేదిగానో ఉండగలదని తెలిసి చేసినదై ఉండకూడదు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. పైగా, ఒప్పుకున్నవాడికి పద్దెనిమిదేళ్ళు దాటి ఉండాలి. ఈ చివరి మాట దగ్గర నిర్వాహకులు ఒక్క నిమిషం ఆగాలని నా విన్నపం. మీ పోటీలో ఇంటర్మీడియెట్ చదువుతున్న పిల్లలు ఎంతమంది ఆడుతున్నారు? ఎనభై కిలోల మనిషికి ఎదురుగా యాభై కిలోల పిల్లవాణ్ణి నిలబెట్టి, వాడు ఒప్పుకునే వచ్చాడని ఎలా అంటారు?

ఇలా అన్నంత మాత్రాన ప్రతి పట్టుకూ పోలీసు కేసు కావాలని నా ఉద్దేశం కాదు. ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి ఆట వేడిలో చేసిన పనికి కోర్టుల చుట్టూ తిప్పడం నాకు ఇష్టం లేదు. వాడిని చేతులారా అక్కడికి పంపించేది మన మౌనమే. మొదటి తప్పుకే రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టి ఉంటే, పదో తప్పు దాకా వచ్చేవాడు కాడు. కబడ్డీలో గొప్ప పట్టు పట్టేవాడు ఎదుటివాణ్ణి విరవడు, ఆపుతాడు. కాలు పట్టి, బరువు తన మీదకే తీసుకుని, క్రిందకు దించుతాడు. ఆ ఒడుపు నేర్పడానికి నెలలు పడుతుంది. మోకాలితో దూకడం నేర్పనక్కర లేదు. "వాడి కాలు విరిచి రారా" అని గీత పక్కన నిలబడి కేకవేసే పెద్దమనిషిని నేను ఆటగాడికంటె ముందు లెక్కలోకి తీసుకుంటాను.

నిర్వాహకులు చేయగలిగినది చాలా ఉంది, ఖర్చు మాత్రం కొద్ది. స్కోరు వ్రాసే బల్ల మీదనే మరొక నోటుపుస్తకం ఉంచండి. ఎవరికి ఏ కార్డు, ఎందుకు, ఎవరికి ఏ గాయం అన్నది అందులో వ్రాయండి. ఎర్ర కార్డు పొందినవాడి పేరు పక్క ఊరి పోటీ వారికి ఫోనులో చెప్పండి. ఎందుకంటే నేడు ఇక్కడ మెడ పట్టినవాడు రేపు అక్కడ మరొక జెర్సీతో దిగుతున్నాడు. మెడమీద, తలమీద, పడిపోయినవాడి మీద చేసిన దాడికి ఆ పోటీ మొత్తానికీ నిషేధం ఉంటుందని డ్రా తీసేటప్పుడే జట్టు నాయకుల చేత సంతకం పెట్టించుకోండి. బహుమతి సొమ్ములో పదోవంతు గాయపడినవారి వైద్యం కోసం పక్కన పెట్టండి. దెబ్బ తప్పుడు దెబ్బ అయితే ఆ వంతు కొట్టినవాడి జట్టు నుండే తీసుకోండి. జట్టు జేబుకు చిల్లు పడితే, జట్టే తన ఆటగాణ్ణి అదుపులో పెడుతుంది. రిఫరీ పొరుగు మండలం నుండి వస్తే అతనికి రాత్రి ఇంటికి చేరే భయం ఉండదు.

దెబ్బ తిన్నవాణ్ణి మళ్ళీ బరిలోకి దింపే విషయం కూడా బాధ్యతలో భాగమే. కెనడాలో రోవన్ స్ట్రింజర్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి రగ్బీ ఆడేది. కొద్దిరోజుల తేడాతో తలకు వరుసగా దెబ్బలు తగిలినా ఆడుతూనే వచ్చి 2013లో మరణించింది. మొదటి అదురు నుండి మెదడు కోలుకోకముందే రెండోది తగిలితే, అది చిన్నదే అయినా మెదడు ఒక్కసారిగా వాచిపోగలదు. ఆమె పేరుతోనే ఒంటారియో రాష్ట్రం 2018లో చట్టం చేసింది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ఆటగాణ్ణి వెంటనే బయటకు తీసుకురావాలి, వైద్యుడు చెప్పేవరకు తిరిగి పంపరాదు. క్రికెట్‌లో కూడా 2019 ఆగస్టు నుండి తలకు దెబ్బ తగిలినవాడి బదులు మరొకణ్ణి ఆడించే వీలు వచ్చింది. మరొకడు దిగే వీలుంటే, జట్టు కోసం దెబ్బ దాచుకోవలసిన అగత్యం ఆటగాడికి తగ్గుతుంది. మన పోటీలలో ఈ పద్ధతి పెట్టుకోవడానికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు.

కనుక తల తిరుగుతోందన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, ఇప్పుడు స్కోరెంత అంటే చెప్పలేకపోయినా ఆ రోజుకు వాడి ఆట అయిపోయినట్లే. ఒంటరిగా ఇంటికి పంపకండి, బండి నడపనివ్వకండి. ఆ రాత్రి పక్కన ఒకరు ఉండాలి. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, తడబడే మాట, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించడం, లేపితే లేవకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగక 108కి ఫోను చేయండి. పొట్టమీద మోకాలు పడినవాడికి ఎడమ భుజంలో నొప్పి వస్తే ప్లీహం చిట్లి లోపల రక్తం పోతున్నదేమోనని అనుమానించండి. బరిలో కూలి, ఊపిరి తీయకుండా ఉన్నవాడి ముఖాన నీళ్ళు చల్లుతూ కూర్చోకండి. ఛాతీ మధ్య రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, రెండు అంగుళాలు దిగేట్లు, నిమిషానికి 100 నుండి 120 సార్లు, వాహనం వచ్చేదాకా నొక్కుతూనే ఉండండి. ఒకరు అలసిపోతే మరొకరు అందుకోండి. ఇది నేర్చుకోవడానికి అరగంట చాలు. వచ్చే సంక్రాంతికి ముందు నాయుడుపేట చుట్టుపక్కల ఏ ఊరి యువకులు పిలిచినా వచ్చి నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రిఫరీని, జట్టు నాయకులను కూడా తప్పక కూర్చోబెట్టండి.